కాకి ముట్టని చిన్నకోడలు

ఆ రోజుల్లో జోస్యం చెప్పాలంటే చిలకైనా ఉండాలి, పంచాంగమైనా ఉండాలి. నాకు బెంగుళూరులో ఒక అక్క ఉంది, అంతే. ఆ ఒక్క పెట్టుబడితో అడవి అంచున ఒక ఊళ్లో చలికాలం నుంచి ఎండాకాలం చివరిదాకా భవిష్యత్తు చెబుతూ బతికాను. (జీతం మాత్రం వ్యవసాయ శాఖ ఇచ్చేది. భవిష్యత్తు ఉచితం.) ఇప్పుడు ఫోను మీద వేలు పెడితే చాలు, రేపటి వానా, ఎల్లుండి ఎండా, వచ్చే వారం సీరియల్లో ఎవరు ఎవరి చెంప పగలగొడతారో అంతా ముందే తెలిసిపోతోంది. తెలియకపోవడంలో ఒక సుఖం ఉండేది, అది పోయింది. ఆ సుఖం విలువ తెలియకుండానే అందరికీ అన్నీ ముందే చెప్పేయాలని ఉబలాటపడ్డ ఒక కుర్ర ఉద్యోగి కథ ఇది. వాడి మీద నాకు ఇప్పటికీ కాస్త జాలి. వాడి చొక్కాలేవీ నాకిప్పుడు పట్టవు గానీ, వాడు నేనే.

మాది కూసుమంచి వైపు. డిప్లొమా చేతికొచ్చిన కొన్నాళ్లకే వ్యవసాయ విస్తరణ అధికారిగా ఉద్యోగం వచ్చింది. కొత్తగూడెంలో రైలు దిగితే స్టేషను బోర్డు మీద భద్రాచలం రోడ్డు అని ఉంటుంది. దిగి చూస్తే రాముడు కనబడడు, బొగ్గు కనబడుతుంది. ఊరి పేరుకీ స్టేషను పేరుకీ పొంతన లేని చోట నా పదవికీ పనికీ పొంతన ఉంటుందని ఎలా అనుకున్నానో తెలియదు. అక్కడినుంచి బస్సులో కొంత దూరం, ఆటోలో కొంత దూరం పోయి, టేకు చెట్లు రోడ్డు మీదికి వంగి మనల్ని అనుమానంగా చూడటం మొదలుపెట్టిన చోట దిగితే అదే నా ఊరు. విస్తరణ అధికారి అంటే కొత్త సాగు పద్ధతులను రైతుల్లోకి విస్తరింపజేసేవాడని నియామకపు రోజున చెప్పారు. నేనున్నన్నాళ్లూ అక్కడ నికరంగా విస్తరించింది నా నడుమొక్కటే. అందుకు బాధ్యత మా పెద్దమ్మది.

పెద్దమ్మ అంటే చుట్టం కాదు, ఇంటామె. ముందు గది నాకు కిరాయికిచ్చి, కిరాయితో సంబంధం లేకుండా పప్పుచారూ వడియాలూ పెట్టేది. భర్త పోయాడు. ఒక్కతే కూతురు పెనుబల్లిలో కాపురం. అడవి పక్కన ఎర్రచెలక ఒక చెక్క ఉంది, అందులో పత్తి వేసేది. కిందటేడు తొలకరి చినుకు పడీపడగానే విత్తనం పెడితే వాన మళ్లీ మొహం చూపక గింజలన్నీ మట్టిలోనే మాడిపోయాయట. ఈసారి కూడా అలాగే అయితే చేను మరిదికి కౌలుకిచ్చి పెనుబల్లి వెళ్లిపోవాల్సిందేనని ఊరంతా అనుకునేవాళ్లు. పెద్దమ్మకు ఆ ప్రయాణం ససేమిరా ఇష్టం లేదు. "నా బిడ్డ మంచిదే, అల్లుడు గూడ మంచోడే. కానీ ఆ ఇంట్ల రిమోటు అల్లుని చేతుల ఉంటది సారూ" అనేది. నవ్వులాటకు కాదు, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా. ఆడవాళ్ల భూమి హక్కుల మీద నేను చాలా ఉపన్యాసాలు విన్నాను. ఇంత సూటిగా చెప్పినవాళ్లు లేరు.

సాయంత్రం ఏడున్నరకు ఆ రిమోటు పెద్దమ్మ చేతిలోకి వచ్చేది. వసారాలో టీవీ, వాకిట్లో ఊరు. ఒక పెద్ద ఇంట్లో ఇద్దరు కోడళ్ల కథ. అసలు పేర్లు ఏవో ఉండేవి గానీ మా వాకిట్లో ఎవరూ వాడేవాళ్లు కాదు. చిన్నకోడలు, పెద్దకోడలు, మామ, అత్త, అంతే. చిన్నకోడలంటే పెద్దమ్మకు ప్రాణం. ఆ పిల్ల ఏడిస్తే కొంగు తీసేది, నవ్వితే పళ్లు లేని నోరంతా తెరిచేది, ఆకలితో పడుకుంటే "తినుపో బిడ్డా, గట్ల పండొద్దు" అని టీవీకి చెప్పేది. నేను మాత్రం ఆ గుంపును అసూయగా చూసేవాణ్ని. ఎందుకంటే పొద్దున పంచాయతీ దగ్గర నేను పెట్టే రైతు సమావేశానికి ఒక ముసలాయనా, ఆయన వెంట వచ్చిన కుక్కా తప్ప ఎవరూ వచ్చేవాళ్లు కాదు. "వస్తం సారూ, వస్తం" అనేవాళ్లు. ఆ వస్తం అనే మాట వాళ్లకు నమస్కారం లాంటిదని అర్థమవడానికి నాకు చాలా రోజులు పట్టింది. నేను చెప్పేది సాగు, వాళ్లు చూసేది సాగతీత. ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా?

ఇక అక్క సంగతి. బావకు బెంగుళూరులో ఉద్యోగం. అక్క కన్నడం నేర్చుకున్నదే అక్కడి సీరియళ్లు చూసి. (అందుకే పాపం మొన్నమొన్నటిదాకా కూరగాయలవాడితో కూడా శపథం చేస్తున్నట్టే మాట్లాడేది.) మా ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు మెట్ల మీద, పైనుంచి మూడో మెట్టు దగ్గర తప్ప ఫోను పలికేది కాదు. వారానికోసారి ఆ మెట్టు మీద కూచుని నేను ఫోను చేస్తే, "తిన్నవా, బక్కగైనవా" అని రెండు ముక్కలు అడిగి, మిగతా సమయమంతా అక్క తన సీరియల్ కథ చెప్పేది. ఒకరోజు వింటూ వింటూ ఉలిక్కిపడ్డాను. ఇద్దరు కోడళ్లు, పోయాడనుకున్న మామ, దొంగ కడుపు. ఇది మా వాకిట్లో కథే! అక్కడ కన్నడంలో ఎప్పుడో అయిపోయిన ముచ్చటను ఇక్కడ తెలుగులో మళ్లీ తీస్తున్నారు. అక్క నాలుగైదు నెలలు ముందుంది. నా అక్క మీద నాకు అంతవరకూ లేని గౌరవం ఒక్కసారిగా కలిగింది.

ఆ సాయంత్రం మామ ఫొటోకు దండ వేసి అందరూ ఏడుస్తుంటే, అన్నం తింటూ తింటూ "ఏడవకు పెద్దమ్మా, ఆయన బతికే ఉన్నాడు, సాధువు వేషంలో వస్తాడు" అన్నాను. పెద్దమ్మ నన్ను కసిరింది. "సచ్చినోళ్ల మీద పరాచికాలేంది సారూ?" మరుసటి వారమే సాధువు వచ్చాడు. గడ్డం తీశాడు. మామే! వాకిలంతా వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నా జీవితంలో అంతమంది ఒకేసారి నా వైపు చూడటం అదే మొదలు. చేతిలో వడియం అలాగే ఉండిపోయింది.

తరవాత పెద్దకోడలి కడుపు అబద్ధమని చెప్పాను. నడుముకు కట్టుకున్న దిండు సత్యనారాయణ వ్రతం మధ్యలో జారిపడింది. తమ్ముడు కాని తమ్ముడి సంగతి చెప్పాను. అదీ అయింది. దాంతో మనుషులు నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. "సారూ, మా మేకపోతు రెండ్రోజుల నుంచి కనవడ్తలే, యాడుందో చెప్పరాదు?" "అది సీరియల్లో లేదు కదా" అంటే, "చెప్పగూడదేమో తీ" అని వాళ్లే కన్ను గీటి వెళ్లిపోయేవాళ్లు. మేకపోతు దానంతటదే ఇంటికొచ్చింది. పేరు నాకొచ్చింది. మెల్లగా నాలోనూ మార్పు వచ్చింది. ఎవరేమడిగినా వెంటనే చెప్పకుండా కాసేపు కళ్లు మూసుకునేవాణ్ని. ఇది డిప్లొమాలో నేర్పలేదు. అది దానికదే వస్తుంది, జలుబులాగా.

ఈ గిరాకీని నా ఉద్యోగానికి వాడుకుంటే పోలా అనిపించింది. వాకిట్లోనే, సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి నిలబడి సాగు పాఠం చెప్పడం మొదలుపెట్టాను. సబ్బు ప్రకటనలో విత్తన శుద్ధి. నగల దుకాణం ప్రకటనలో గులాబి రంగు పురుగు. టీపొడి వచ్చేసరికి ఎరువు మోతాదు. చిక్కల్లా మాట మధ్యలో ఉండగా సీరియల్ వచ్చేసేది. "మందు కలిపేటప్పుడు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ..." అని నేను వేలెత్తగానే, "ఆగు సారూ, వచ్చింది, వచ్చింది!" అని అందరూ అటు తిరిగేవాళ్లు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఏం చేయకూడదో మళ్లీ సబ్బు వచ్చేదాకా సస్పెన్సు. అయినా ఆ పాఠాలకు వచ్చినంత జనం మా మండలంలో ఏ సమావేశానికీ రాలేదు. మా పెద్దసారు నన్ను పొగిడి, ఈ పద్ధతేమిటో మిగతావాళ్లకు కూడా చెప్పమన్నాడు. ఏం చెప్పను? అందరికీ బెంగుళూరులో అక్కలుండరు కదా.

ఇట్లా నా కీర్తి పచ్చగా ఉండగా మృగశిర కార్తె వచ్చింది. అక్కడివాళ్లు మిరుగు అంటారు. మిరుగు వచ్చిన మర్నాడే ఒక జల్లు పడింది. పక్క గూడెంవాళ్లతో నాకు పేచీ లేదు. వాళ్ల విత్తనాల పండుగ కానిదే వాళ్లు గింజ ముట్టరు, ఆ పండుగ ఇంకా దూరం. పేచీ అంతా మా ఊరివాళ్లతోనే. మన్ను వాసన ముక్కుకు తగలగానే వాళ్ల కాళ్లు నిలవవు. నేను పెద్దమ్మ చేలో వేలు గుచ్చి చూశాను. తడి గోరు దాటి లేదు. ఆఫీసు నుంచి కూడా, ఈ జల్లు తరవాత పది పన్నెండు రోజులు ఎండలే, విత్తనం పెట్టొద్దని చెప్పండి అని కబురు. సాయంత్రం వాకిట్లో నూనె ప్రకటన రాగానే లేచి ఆ మాటే చెప్పాను. "అదును వచ్చింది గానీ పదును రాలేదు. జానెడు లోతు తడిసేదాకా ఆగండి."

"నేల సంగతేమో గానీ సారూ, నీ మాటకే పదును లేదు" అన్నాడు పెద్దమ్మ మరిది. ఆయన మీసాల వల్ల ఊరంతా మీసాలాయన అనేది, నేనూ అదే అంటాను. అందరూ నవ్వారు. ఆయన మీసం సవరించుకుని "మా తాత మిరుగుల ఏసిండు, మా నాయన మిరుగుల ఏసిండు. గీ సారు నిన్నగాక మొన్నొచ్చి ఆగుమంటే ఆగాల్నా?" అన్నాడు.

"నువ్ జరసేపు ఆగు" అంది పెద్దమ్మ. "సారు మామ బతికొస్తడన్నడు, వచ్చిండా లేదా? పెద్దకోడలి కడుపు అబద్ధమన్నడు, దిండు వడ్డదా లేదా? గవన్నీ నిజమైనయ్, గీ వాన సంగతే తప్పైతదా?"

ఇంత గొప్ప తర్కాన్ని నేను అక్కడికక్కడే ఖండించాల్సింది. మామకూ మబ్బుకూ సంబంధం లేదని చెప్పాల్సింది. చెప్పలేదు. నాకు ఆ పోలిక బాగానే ఉన్నట్టనిపించింది.

"అయితే ఒక పని చేద్దాం వదినా" అన్నాడు మీసాలాయన. "రేపు కోర్టు ముచ్చట ఉంది గద. చిన్నకోడలు ఇల్లు గెలుస్తదా, ఓడుతదా? సారు ఇప్పుడే చెప్పాలె. చెప్పింది చెప్పినట్టయితే ఊరంత ఆగుతం. కాకపోతే తెల్లారి సాళ్లకు అచ్చు తోలుడే. నీ చేన్ల గూడ నేనే ఇత్తనం పెట్టిస్త. అది గూడ పోయిందనుకో, చేను నాకు కౌలుకియ్యాలె. ఇంక మాటల్లేవ్."

పెద్దమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో చేనూ, పెనుబల్లీ, అల్లుడి చేతిలో రిమోటూ అన్నీ ఉన్నాయి. "అవ్. గట్లనే" అంది.

నేను కళ్లు మూసుకున్నాను. (అప్పటికి అది అలవాటైపోయింది.) అక్క చెప్పింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "చిన్నకోడలు కోర్టుకు వస్తుంది. అందరి ముందూ మామ రాసిన వీలునామా చూపిస్తుంది. పెద్దకోడలు ఏడుస్తూ కాళ్ల మీద పడుతుంది. ఇల్లు చిన్నకోడలిదే" అన్నాను. వాకిలి ఊపిరి పీల్చుకుంది. ఆ పూట పెద్దమ్మ నాకు రెండు వడియాలు ఎక్కువ వేసింది.

మర్నాడు ఏడింటికే వాకిట్లో జాగా లేదు. గోడ మీద కూడా మనుషులు. టీవీలో జడ్జి వచ్చాడు, పెద్దకోడలు వచ్చింది, మామ వచ్చాడు. చిన్నకోడలు వీలునామా సంచి భుజానికి తగిలించుకుని బస్సెక్కింది. బస్సు ఘాట్ రోడ్డు ఎక్కింది. నేను గోడకు ఆనుకుని చిరునవ్వు నవ్వుతున్నాను. బస్సు ఒక మలుపు తిరిగింది, రెండో మలుపు తిరిగింది. మూడో మలుపు దగ్గర కథే మలుపు తిరిగింది. బస్సు లోయలో పడింది. నదిలో సంచి తేలింది. ఆ వెంటనే, కనీసం ఒక సబ్బు ప్రకటనకైనా వ్యవధి ఇవ్వకుండా, చిన్నకోడలి ఫొటో, దానికి దండ, ముందు దీపం.

ప్రకటనలు వచ్చాయి. తరవాత ఒక్కొక్కరే, ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. ఇంతకుముందు చెప్పాను కదా, అంతమంది ఒకేసారి నా వైపు చూడటం అదే మొదలని. ఇది రెండోసారి. మొదటిసారే బాగుంది.

"సారూ" అన్నాడు మీసాలాయన, ఎంతో మెత్తగా, "ఇల్లు ఎవరికొచ్చింది?"

నేను చెప్పులు కూడా వేసుకోకుండా ట్యాంకు దగ్గరికి పరుగెత్తాను. మూడో మెట్టెక్కి, "అక్కా, చిన్నకోడలు చచ్చిపోయింది!" అన్నాను.

"ఏందిరా ఆ మాటలు! ఎవరి కోడలు?" అక్క గొంతు వణికింది. విషయం చెప్పాక ఇంకా ఎక్కువ వణికింది. "గదేంది తమ్మీ, ఈడ కోర్టుల గెలిచింది గద! మొన్న సీమంతం గూడ చేసిండ్రు. మీ దగ్గర ఎట్ల సంపిండ్రు దాన్ని? మీ తెలుగోళ్లకు మనసు లేదా?" అంటూ, తానేదో తెలుగుది కానట్టు ఏడవడం మొదలుపెట్టింది. తమ్ముడి పరువు పోయిందని కాదు, చిన్నకోడలు పోయిందని. (తెలుగులో ఆ వేషం వేసే అమ్మాయికి పెళ్లి కుదిరి మానేసిందనీ, అందుకే అప్పటికప్పుడు కథ మార్చారనీ తరవాత ఎప్పుడో తెలిసింది. ఎక్కడో ఎవరికో పెళ్లి కుదిరితే ఇక్కడ నాకు విడాకులు. ఊరితో.)

తెల్లారి లేచేసరికి ఊరు ఊరంతా చేలల్లో ఉంది. నేను మొహం కడుక్కుని, పెద్దమ్మ కాళ్లు పట్టుకునైనా ఆపాలని లోపలికి వెళ్లాను. అప్పటికే మీసాలాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ పొయ్యి వెలిగించలేదు. తల దువ్వుకోలేదు. విత్తనాల సంచి తీసుకెళ్లి అటక కింద చిలక్కొయ్యకు తగిలించి, దూరంగా గోడకు చేరగిలబడి కూచుంది.

"లే వదినా, పొద్దెక్కుతంది. ఇత్తనం అందుకో" అన్నాడు మీసాలాయన.

"నేను ముట్ట. అంటు ఉంది."

"ఎవరు పోయిండ్రు?"

"ఎవరు పోయిండ్రంటవేంది? నిన్న నువ్వు సూడలేదా?"

మీసాలాయన మీసాలు రెండూ ఒకేసారి కిందికి జారాయి. "టీవీల సచ్చినదానికి అంటేంది వదినా? లోకం నవ్వుతది!"

"నవ్వనీయ్" అంది పెద్దమ్మ. "నా బిడ్డ పెనుబల్లి నుంచి ఏడాదికొక్కపారి వస్తది. ఇది రోజు వచ్చింది. నా ముంగటనే తిన్నది, నా ముంగటనే ఏడ్సింది. మీ అన్న పోయినంక నా ఇంట్ల దీపం పెట్టినంక ఇంకో మనిషి గొంతు వినవడ్డదంటే అది దానిదే. అది పోతే పెద్దదినం కాకముందే ఇత్తనం ముడతనా? అంటుల ఏసిన గింజ మొలుస్తదా? నువ్వు మీ అన్న పోయిన మూడో రోజే నాగలి కట్టినవు. ఏం పండింది నీకు ఆ ఏడు?"

అది నిజమే అయుండాలి, మీసాలాయన ఆ సంగతి వదిలేశాడు. నా వైపు తిరిగి "చదువుకున్నోడివి, నువ్వన్న చెప్పు సారూ" అన్నాడు.

కాలేజీలో మూఢనమ్మకాల మీద వక్తృత్వంలో నాకు రెండో బహుమతి వచ్చింది. ఆ ప్రసంగం ఇప్పటికీ కంఠతా వచ్చు. గొంతు సవరించుకున్నాను. లెక్క వేసుకున్నాను. పెద్దదినం, అంటే పదకొండో రోజు కర్మ, అయ్యేది ఎప్పుడు? ఆఫీసువాళ్లు వాన మళ్లీ పడుతుందన్నది ఎప్పుడు? రెండూ దాదాపు ఒక్కచోటికే వస్తున్నాయి. "పెద్దలు ఊరికే అనలేదు" అన్నాను. "అంటు అంటే అంటే. పెద్దదినం కానిదే గింజ ముట్టకూడదు." ఆ రెండో బహుమతి కప్పు మా ఇంట్లో అల్మరాలో ఉంది. ఆ రోజు నుంచీ దాని మొహం నేను సరిగ్గా చూడలేదు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. అంటు పట్టినవాడు మాట నిలబెట్టుకోవాలి కదా. అదే ఇంట్లో ఉంటున్నవాణ్ని, చప్పిడి కూరలు తిన్నాను. గడ్డం గీసుకోలేదు. ఆ మాసిన గడ్డంతోనే మండలంలో సమావేశానికి వెళ్తే మా పెద్దసారు పక్కకు పిలిచి, "ఏమైందయ్యా, ఇంట్లో ఏమన్నా...?" అన్నాడు.

"చిన్నకోడలు పోయింది సార్."

"అయ్యో! చిన్న వయసేనా?"

"కథ సగంలోనే పోయింది సార్."

ఆయన నా భుజం మీద చెయ్యివేసి, రెండు రోజులు సెలవు తీసుకొమ్మన్నాడు. అంత మంచి మనిషికి ఎలా వివరించాలో తెలియక తీసుకున్నాను.

ఈ లోపల ఎండలు కాశాయి. మామూలుగా కాదు, ఎండాకాలం ఏదో మరిచిపోయి వెనక్కి వచ్చినట్టు కాశాయి. ఊరివాళ్లు పెట్టిన గింజల్లో కొన్ని మొలకెత్తి తల వాల్చేశాయి, కొన్ని అసలు తలే ఎత్తలేదు. మీసాలాయన పీపాల్లో నీళ్లు తెచ్చి గింజ గింజకూ చెంబుతో పోశాడు. నేను చెప్పిందే జరిగింది. సంతోషించాల్సింది. కానీ మీసాలున్న మనిషి ఒంగి మొక్కకు చెంబుతో నీళ్లు పోస్తుంటే చూసి సంతోషించడం చాలా కష్టం. నేనూ ఒక చెంబు తీసుకున్నాను. ఆయన వద్దనలేదు.

పెద్దదినం వచ్చింది. పెద్దమ్మ గారెలు చేసింది, పరమాన్నం వండింది. సీరియల్లో చిన్నకోడలికి బొబ్బట్లంటే ఇష్టమని అవీ చేసింది. విస్తరిలో అన్నీ పెట్టి పెరటి గోడ మీద ఉంచి కాకికోసం ఎదురుచూశాం. ఊరు కూడా వచ్చింది. నవ్వడానికి వచ్చినవాళ్లే ఎక్కువ గానీ, కాకి కోసం చూసేటప్పుడు ఎవరైనా సరే నోరు మూసుకునే చూస్తారు. ఒక కాకి వచ్చింది. గోడ మీద వాలింది. విస్తరి చుట్టూ తిరిగి గారె వైపు ఒక కన్నుతో చూసింది, బొబ్బట్టు వైపు ఇంకో కన్నుతో చూసింది. ముట్టకుండా ఎగిరిపోయింది.

"మనసుల ఏదో ఉన్నది బిడ్డకు" అంది పెద్దమ్మ. "సారూ, తప్పంత నీదే. గెలుస్తవని నువ్వు ఆశ పెట్టినవు, అది మధ్యలనే పోయింది. మాటియ్యి దానికి."

ఏడు గ్రామాలకు సాంకేతిక సలహాలిచ్చే అధికారిని, పెరటి గోడ ముందు చేతులు జోడించి నిలబడ్డాను. "తల్లీ, ఇకమీద నీ గురించి ముందుగా ఎవరికీ ఏమీ చెప్పను" అన్నాను. కాకి మళ్లీ వచ్చింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. మళ్లీ పోయింది. మూడోసారి ఇంకో కాకిని కూడా వెంట తెచ్చుకుంది. రెండూ ఏదో మాట్లాడుకుని వెళ్లిపోయాయి.

పెద్దమ్మ చాలాసేపు ఆ విస్తరి వైపే చూసింది. ఆమె మొహం మెల్లగా విప్పారింది. "సావలేదు" అంది. "సచ్చినోళ్లకైతే కాకి ముట్టాలె. ముట్టలేదంటే అది సావలేదు. యాడనో బతికే ఉన్నది."

"కాకులకు గూడ టీవీ ఉన్నట్టుంది" అని గొణిగాడు మీసాలాయన. అయినా గారె మాత్రం తీసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే అడవి మీద మబ్బు పట్టింది. సాయంత్రానికి మొదలైన వాన మర్నాడు కూడా తగ్గలేదు. సీరియల్ వేళకు కరెంటు పోయినా వాకిట్లో ఎవరూ తిట్టుకోలేదు. తెరపి ఇవ్వగానే నేను చేలో చెయ్యి పెట్టి చూస్తే జానెడు కాదు, మోచేతిదాకా తడి. పెద్దమ్మ చిలక్కొయ్య మీది సంచి దించింది. ఊరంతా రెండోసారి విత్తనం కోసం కొత్తగూడెం పరుగెత్తుతుంటే, పెద్దమ్మ మొదటిసారి, అదే ఆఖరిసారి, తీరిగ్గా విత్తనం పెట్టింది. మొలక వచ్చినరోజు నన్ను పిలిచి చూపించింది. సాలు వెంట సాలు, పలకమీద బలపంతో దిద్దినట్టు. ఇక పెనుబల్లి ప్రయాణం లేదు. రిమోటు ఎవరి చేతిలో ఉండాలో వాళ్ల చేతిలోనే ఉంటుంది.

"చూశావా పెద్దమ్మా, ఆగమని నేను ముందే చెప్పాను కదా" అన్నాను, ఇంక ఆపుకోలేక.

"నువ్వు కోర్టుల గెలుస్తదన్నవు" అంది పెద్దమ్మ. "చేను కాపాడింది నా చిన్నకోడలు."

అందులో నిజముంది. ఆఫీసు కబురు చేయలేని పని, నా డిప్లొమా చేయలేని పని, ఒక అమ్మాయి బస్సులో లోయలో పడి చేసింది. వ్యవసాయ విస్తరణలో అంతకంటే సమర్థమైన పద్ధతి నాకు తరవాత కూడా ఎక్కడా కనబడలేదు.

పత్తి తీతలు మొదలయ్యాక ఒక సాయంత్రం టీవీలో ఒక దవాఖానా, మంచం మీద మొహమంతా కట్లు కట్టిన మనిషి. ఒక్కో చుట్టే విప్పుతున్నారు. లోపల్నుంచి వేరే అమ్మాయి మొహం వచ్చింది. ఎవరూ గుర్తుపట్టలేదు. పెద్దమ్మ మాత్రం ఒళ్లో పత్తి అలాగే వదిలేసి లేచి నిలబడింది. "అదే! మొకం మార్చిండ్రు గానీ ఆ చూపు అదే! కాకి చెప్పింది గద!" వాకిలి గొల్లుమంది. అందరూ వెనక్కి తిరిగారు. నేను అలవాటు కొద్దీ జుట్టు సర్దుకున్నాను. చూసింది నన్ను కాదు, నా వెనక గోడ మీద ఏమైనా వాలి ఉందేమోనని. ఆ రోజు నుంచి మేకపోతు తప్పిపోయినా, సంబంధం కుదరకపోయినా జనం పెరటి గోడ వైపే వెళ్లేవాళ్లు. నా పదవి కాకికి పోయింది. బదిలీ ఉత్తర్వు మాత్రం నాకే వచ్చింది.

ఇప్పుడు నేను పెద్ద ఆఫీసులోనే ఉన్నాను. బల్ల మీద కంప్యూటరు, చేతిలో ఫోను, రెండింట్లోనూ వాన సంగతులు. నన్ను చూస్తే నమ్మబుద్ధేసేలా కళ్లజోడు కూడా వచ్చింది. అక్క ఇంకో సీరియల్లో పడింది, నేను అడగను, ఆమె చెప్పబోతే వద్దంటాను. మాటిచ్చాను కదా. కానీ ఏటా మిరుగు రాగానే, సాయంత్రం ఏడున్నర దాటిన కాసేపటికి, ఫోను మోగుతుంది, పెద్దమ్మే (ఇప్పుడు ఆ వాకిట్లోనూ ఫోను పలుకుతుంది). "సారూ, ప్రకటనలు వచ్చినయ్, జల్దీ చెప్పు. ఇత్తనం పెట్టాల్నా, ఆగాల్నా?" నేను కళ్లజోడు సర్దుకుని, తేమ ఎంత, మబ్బు ఎటు, గాలి ఎటు అని ఒక్కొక్కటే మొదలుపెడతాను. ఈసారి ఒక్కసారైనా మొత్తం చెప్పాలని నా ఆశ. "జానెడు లోతు తడిసేదాకా మాత్రం పెద్దమ్మా, ఎట్టి పరిస్థితుల్లోనూ..." అనేసరికి అటునుంచి "ఆగు సారూ, వచ్చింది, వచ్చింది" అని వినబడుతుంది. ఆమె ఫోను పెట్టేయడం మరిచిపోతుంది. నేనూ పెట్టను. అడవి అంచున ఆ వాకిట్లో ఎవరో కోడలు ఏడుస్తుంటే, ఇక్కడ కుర్చీలో వెనక్కి వాలి, తరవాత ఏమవుతుందో ఏమాత్రం తెలియకుండా, సబ్బు ప్రకటన వచ్చేదాకా వింటూ కూచుంటాను.